మార్తమ్మ రాయి, ఒకటి పాయింట్ ఎనిమిది

మార్చి 11, మంగళవారం

మానిటర్‌లో బొమ్మ కుడివైపుకి ఒరిగింది. పొద్దున స్విచ్ వేసేసరికి కింద ఉండే పట్టీ ఎడమ కొస గట్టు మీద, కుడి కొస గుంటలో ఉంది. బొమ్మ మొత్తం అర అంగుళం ఎడమకి కూడా జరిగి, ప్రతి వరుసలో మొదటి అక్షరం ప్లాస్టిక్ ఫ్రేము వెనక దాక్కుంది. తల కుడివైపు వంచి గంటసేపు పని చేశాను. ఇప్పుడు మెడ పట్టేసింది. పాతికేళ్ల కిందట 'శాలోం కంప్యూటర్స్' అని బోర్డు కట్టి గిద్దలూరులో సగం మందికి మౌస్ పట్టుకోవడం నేర్పిన కృపారాణి టీచరు ఈ రోజు మెడకి జండూబామ్ రాసుకుని కూర్చుంది.

ఈయన వచ్చి చూసి, "ఆ డబ్బా పారేసి పల్చటిది తెచ్చుకోరాదా?" అన్నాడు.

"పల్చటిదాంట్లో అక్షరాలు ఉబ్బినట్టు కనబడతాయి. సమాధి రాళ్ల పనికి పనికిరాదు" అన్నాను.

అసలు సంగతి వేరే. పల్చటిది ఈ పాత సీపీయూకి ఎలా తగిలించాలో నాకు తెలీదు. ఇది డైరీ కాబట్టి రాశాను. బయట అనను.

ఈయన చర్చి సెక్రటరీ కదా, గోడలకి సున్నం వేస్తున్నారని నిన్న చర్చి సామానంతా నా గదిలోకి చేర్చాడు. రెండు బల్లలు, చాపలు, తబలా, నా నడుమెత్తు స్పీకరు పెట్టె. అడిగితే "దేవుని సామాను" అంటాడు. దేవుడికి నా గది తప్ప వేరే చోటు లేనట్టుంది. స్పీకరు పెట్టె ఒక్కటే కాస్త పనికొచ్చింది. టేబులుకి ఆనించి దుప్పటి కప్పి, మానిటర్ పక్కన కాగితాలు పెట్టుకునే స్టాండు చేసుకున్నాను.

మార్చి 12

స్విచ్ ఆపి వేశాను. పదకొండు సార్లు. ప్రతిసారీ 'ఠంగ్' మంది. ప్రతిసారీ ఒరిగే ఉంది.

మార్చి 14, శుక్రవారం

టీవీ మెకానిక్కు మహేంద్రన్నకి ఫోన్ చేశాను. ఈ తాలూకాలో పిక్చర్ ట్యూబు విప్పడం తెలిసిన చివరి మనిషి ఆయనే. మోకాళ్లు అరిగిపోయి ఇల్లు కదలడు, ఫోన్‌లోనే వైద్యం.

"ముందర బటన్ నొక్కితే మెనూ వస్తాది గదా, దాంట్లో బొమ్మను తిప్పేది ఉంటాది సూడు" అన్నాడు.

ఆ బటన్ పోయినేడు లోపలికి పడిపోయింది. తలపిన్ను పెట్టి పొడిచాను. పిన్ను కూడా లోపలికి పోయింది. పిన్ను సంగతి ఆయనకి చెప్పలేదు.

"అయితే డబ్బా మొగం ఎటు ఉంది?"

"తూర్పుకి."

"ఉత్తరానికి తిప్పి సూడు. భూమికి కూడా లాగే గుణం ఉంటాది."

తిప్పాను. గోరు మందం మారింది. వాస్తు చూడని ఇంట్లో మానిటర్‌కి వాస్తు చూశాం.

"దగ్గర్లో అయస్కాంతం ఏమన్నా పెట్టినావా?"

బాగా ఆలోచించాను. గుండుసూదుల డబ్బా మూతకి చిన్న అయస్కాంతం ఉంది. దాన్ని తీసి వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన పెట్టొచ్చాను. వచ్చి, స్పీకరు పెట్టె మీద కాగితాలు సర్దుకుని మళ్లీ చూశాను. ఏమీ మారలేదు. మహేంద్రన్నకి వయసైపోయింది పాపం.

మార్చి 15

మానిటర్ కుడికాలు కింద మార్కాపురం పలక ముక్క పెట్టాను. చాలలేదు, రెండోది పెట్టాను. మూడోది పెట్టేసరికి బొమ్మ తిన్నగా వచ్చింది, మానిటర్ నా ఒళ్లోకి వచ్చింది. పట్టుకున్నాను. నా జీవితంలో ఇంత గట్టిగా దేన్నీ వాటేసుకోలేదని ఈయనతో అనలేదు.

మార్చి 17, సోమవారం

దొరికింది. ఇంత చిన్న ఉపాయం వారం దాకా తట్టలేదే.

బొమ్మ కుడికి ఒరిగితే అక్షరాలనే ఎడమకి తిప్పితే పోలా? మొత్తం అక్షరాలని పట్టుకుని, స్క్రీన్ మీద తిన్నగా కనబడేదాకా కొంచెం కొంచెం తిప్పాను. ఒకటి పాయింట్ ఎనిమిది డిగ్రీల దగ్గర కుదిరింది. చీటీ మీద '1.8' అని రాసి మానిటర్ నుదుటికి అంటించాను. ఇక నుంచి ఏది ప్రింటు తీసినా ముందు ఒకటి పాయింట్ ఎనిమిది తిప్పడం, ఆ తర్వాత తీయడం.

చేతిలో ఏడు రాళ్లున్నాయి. ఈస్టరు తెల్లారుజామున సమాధుల తోటలో ఆరాధన మొదలయ్యేలోపల అన్నీ నిలబడాలి. నేను అక్షరాలు కూర్చి, అసలు సైజులో ప్రింటు తీసి, కాగితాలు ఒకదానికొకటి అతికించి ఇస్తాను. ఓబయ్యన్న దాన్ని రాయి మీద పరిచి, కింద కార్బన్ పెట్టి గీసుకుని, ఉలితో చెక్కుతాడు. ఆయనకి చదువు రాదు. కాగితం మీద ఏది ఉంటే రాయి మీద అదే. అందుకే ఇద్దరికీ ఇన్నేళ్లు కుదిరింది.

వాటిలో ఆరోది మా అత్తది. దాన్ని చివరికి తోస్తున్నానని ఈయన అంటున్నాడు. తోయడం లేదు. బాగా చేయాలని ఆగాను.

మార్చి 22, శనివారం

మూడు రాళ్లు పోయి చూశాను. దారం పెట్టి గీసినట్టున్నాయి. ఒకటి పాయింట్ ఎనిమిది పని చేసింది. మహేంద్రన్నకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. ఆయన మొత్తం రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత "కాగితం మీద స్కేలుబద్ద పెట్టి సూసినావా?" అన్నాడు. రాయే తిన్నగా ఉంటే కాగితం మీద బద్ద ఎందుకు? కుళ్లుకున్నాడు అనుకుంటా.

మార్చి 28, శుక్రవారం

ఓబయ్యన్న ఇంటికి పోయాను. ఊరి బయట అడివివైపు, రెండు చింతచెట్ల కింద ఆయన పని. ఐదో రాయి చెక్కుతున్నాడు. పక్కన నేల మీద నా కాగితం ముక్కలు, కత్తెరతో కోసిన సన్నటి పేలికలు కనబడ్డాయి. నా కాగితం అంచులు కోసేశాడు.

"ఏంది ఓబయ్యన్నా ఇది? నేను కొలిచి అతికించి ఇస్తే నువ్వు ఎందుకు కోసినావు?"

"అది కాదు కృపమ్మా, అక్షరాలు కొంచెం..."

"పాతికేళ్ల నుంచి చేస్తున్నా నేను ఈ పని."

ఆయన తల వంచుకుని ఉలి ఎత్తుకున్నాడు. ఆయన పెళ్లాం గంగులమ్మ మోదుగాకులతో విస్తరి కుడుతూ నన్ను ఒకసారి చూసి, పుల్లని కాస్త గట్టిగా గుచ్చింది.

ఏప్రిల్ 3, గురువారం

అత్త రాయికి అక్షరాలు కూర్చాను. పేరు, పుట్టిన ఏడాది, పోయిన తేదీ, పాస్టరు గారు రాసిచ్చిన వాక్యం. గంట పని. పొద్దున కూర్చుంటే సాయంత్రం అయింది.

మార్తమ్మకీ నాకూ పడదని గిద్దలూరుకి తెలుసు, రైలు ఎక్కి వచ్చేవాళ్లకి కూడా తెలుసు. పద్దెనిమిదేళ్లు ఒకే వంటింట్లో ఇద్దరం మాట్లాడుకోని రోజులు లెక్కేస్తే రెండు మూడేళ్లు తేలుతాయి. మిగతావి పోట్లాడుకున్న రోజులు. జనవరిలో ఆమె పోయినప్పుడు నేను ఏడవలేదని కూడా ఒకరిద్దరు అన్నారు. ఏడ్చాను. పొయ్యి దగ్గర ఏడ్చాను, పొగ అని చెప్పాను.

ఇప్పుడు వంటింట్లో నేను ఏం చేసినా తప్పు పట్టే మనిషి లేదు. ఇంత బోరు కొడుతుందని ఎవరు అనుకున్నారు. ఆమెని తలుచుకుంటే మనసు పాడవుతుంది, అదే రాస్తున్నాను.

కనిగిరి నుంచి మా ఆడబిడ్డ హెప్సిబా ఫోన్ చేసింది. "వదినా, అమ్మ రాయి మార్కాపురంలో నేనే ఏరినాను, అంత నున్నటిది మళ్లీ దొరకదు. ఎవరూ సొంత తెలివి సూపించకుండా సూడు" అంది. 'ఎవరూ' అన్నప్పుడు ఆ గొంతు ఎవర్ని చూస్తోందో నాకు ఫోన్‌లో కూడా కనబడింది. ఈ ఒక్క రాయి తప్పు లేకుండా నిలబడాలి. నిలబడకపోతే మార్తమ్మ కోడలు కక్షతో చేసిందనే అంటారు. హెప్సిబా అయితే చచ్చేదాకా అంటుంది.

ఏప్రిల్ 5, శనివారం

కాగితం నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఒకటి పాయింట్ ఎనిమిది తిప్పి, రెండుసార్లు సరిచూసి.

ఓబయ్యన్న రాయి మీద పరిచి కాసేపు చూశాడు. "కొంచెం ఎగదన్నినట్టుంది కృపమ్మా."

"నీకు చదువొచ్చా?"

అన్నాను. రాయకూడదనుకున్నాను గానీ అన్నాను.

"ఇది మా ఇంటి రాయి. కాగితం అంచు రాయి అంచుకి ఆనించు. కత్తెర ముట్టొద్దు. కాగితం మీద ఎట్లుంటే అట్ల చెక్కు."

"సరేమ్మా. నువ్వు చెప్పినట్లే" అన్నాడు.

ఏప్రిల్ 10, గురువారం

రాయి ట్రాలీ ఆటోలో వచ్చింది. హెప్సిబా నిన్ననే దిగింది. ఈయన, పాస్టరు గారు, చర్చి పెద్దలు ఇద్దరు, శ్యామలమ్మక్క, అందరూ వాకిట్లో ఉన్నారు. శ్యామలమ్మక్క తన భర్త రాయి ఎప్పుడు అవుతుందో అడగడానికి వచ్చింది. ఏడోది వాళ్లదే.

గోనె తీశారు.

చుట్టూ ఓబయ్యన్న చెక్కిన గీత నాలుగు పక్కలా తిన్నగా ఉంది. లోపల మార్తమ్మ పేరు ఎడమ కింద మొదలై కుడి పైకి ఎక్కుతోంది. కింద వరసలూ అంతే. అక్షరాలన్నీ కలిసి నల్లమల ఎక్కడానికి బయల్దేరినట్టున్నాయి. గీత లేకపోతే తెలిసేది కాదేమో. గీత ఉంది.

హెప్సిబా రాయిని చూడలేదు. నన్ను చూసింది.

"నేను కాగితం సరిగ్గానే ఇచ్చినాను" అన్నాను. ఎవరూ అడగకముందే అన్నాను. "ఓబయ్య వాటంగా పరచకుండా చెక్కేసినట్టున్నాడు. రెండు వారాల కింద కూడా నా కాగితాలు కోస్తూ దొరికినాడు."

ఓబయ్యన్న ఆటో పక్కనే నిలబడి ఉన్నాడు. అందరూ ఆయనవైపు తిరిగారు. ఆయన నన్ను ఒక్కసారి చూసి, "చెక్కింది నా చెయ్యే గదా" అన్నాడు. అంతే. ఈయన కోప్పడ్డాడు. పండగలోపల ఏదో ఒకటి చేసి తెమ్మని రాయి వెనక్కి పంపాడు. ఓబయ్యన్న ఒక్కడే మళ్లీ ఎక్కించుకున్నాడు. ఎవరూ చెయ్యి వేయలేదు.

ఏప్రిల్ 11

కాగితం సరిగ్గానే ఇచ్చాను.

ఏప్రిల్ 12, శనివారం

రేపు మట్టల ఆదివారం ఊరేగింపు. మధ్యాహ్నం చర్చి పిల్లగాళ్లు వచ్చి స్పీకరు పెట్టె ఎత్తుకుపోయారు. నా కాగితాలన్నీ నేల మీద పోసి పోయారు, అది వేరే సంగతి. అప్పుడు మానిటర్ వేసే ఉంది. తెర మీద అత్త రాయి ఫైలే ఉంది. ఎందుకు తెరిచి పెట్టుకున్నానో అడగొద్దు.

పెట్టె గడప దాటింది. తెర మీద బొమ్మ లేచి తిన్నగా నిలబడింది. పట్టీ తిన్నగా ఉంది. మొదటి అక్షరాలు ఫ్రేము వెనక నుంచి బయటికొచ్చాయి. పేజీ గీత తిన్నగా ఉంది. దాని మధ్యలో మార్తమ్మ పేరు ఒకటి పాయింట్ ఎనిమిది డిగ్రీలు పైకి ఎక్కుతోంది. అచ్చం రాయి మీద ఎక్కినట్టే.

మహేంద్రన్నకి ఫోన్ చేశాను. "స్పీకరంటేనే అయస్కాంతం గదమ్మా, శాలోం కంప్యూటర్స్‌లో చెప్పలేదా?" అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టాక కూడా కాసేపు నవ్వుతూనే ఉన్నాను, ఎందుకంటే నవ్వు ఆపితే ఆలోచించాలి.

మానిటర్ ఒరిగితే అది చూపించే బొమ్మ ఒక్కటే ఒరుగుతుంది, కాగితం ఒరగదు. ఇది రెండో రోజు పాఠం. నేనే చెప్పేదాన్ని. సుద్దముక్కతో బొమ్మ వేసి మరీ చెప్పేదాన్ని.

మరి ముందర ఐదు రాళ్లు ఎలా తిన్నగా వచ్చాయి? నేలమీద చూసిన సన్నటి కాగితం పేలికలు గుర్తొచ్చాయి. ఒక కొస వెడల్పు, ఒక కొస సూది. ఐదింటిని ఆయన అంచులు కోసి తిన్నగా చేసుకున్నాడు. ఆరోదాన్ని ముట్టొద్దన్నాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఫైలు తెరిచి, తిప్పుడు తీసేసి, సేవ్ చేశాను. నుదుటి మీద చీటీ కూడా పీకేశాను. ఇప్పుడు నా ఫైలు తిన్నగా ఉంది. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

చర్చి దగ్గర శ్యామలమ్మక్క కలిసింది. తన భర్త రాయి ఓబయ్యన్న దగ్గర నుంచి తెప్పించి మార్కాపురంలో మిషన్ పెట్టినోళ్లకి ఇచ్చిందట. "మీ అత్తకే అట్ల చేసినోడు మావాళ్లకి సక్కంగ చేస్తాడా?" అంది. కొత్తచర్చి వాళ్లు కూడా ఇక ఆయనకి ఇవ్వరట. నేను మట్ట ఊపుతూ తల ఊపాను.

ఏప్రిల్ 14

ఫైలు ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఈయన చెప్పాడు. ఓబయ్యన్న ఉలులు సంచిలో కట్టేసి, రోడ్డు పనిలో కంకర కొట్టడానికి పోతున్నాడట. ముప్పై ఏళ్లు అక్షరాలు చెక్కిన చెయ్యి. నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. తప్పు పట్టడానికి మనిషి లేదు, అందరూ నోరు మూసుకుని తిన్నారు.

తర్వాత హెప్సిబా వచ్చి నా పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో తనంతట తాను వచ్చి కూర్చోవడం ఇదే మొదలు.

"వదినా, ఒక మాట. రాయి సూసినాక నువ్వే కోపంతో చేసినావని అనుకున్నా. లోపల తిట్టుకున్నా నిన్ను. ఓబయ్య తప్పని తేలినాక సిగ్గేసింది నాకు. మనసులో పెట్టుకోకు."

చెయ్యి కూడా పట్టుకుంది.

ఇప్పుడు నిజం చెబితే ఈ చెయ్యి పోతుంది. అయస్కాంతం అంటే ఎవరు నమ్ముతారు? కక్ష అంటే ప్రతివాళ్లకీ అర్థమవుతుంది. నేనే ఆ వాకిట్లో నిలబడి వింటే నేను కూడా కక్షే అనుకుంటాను.

"పెట్టుకోలేదులే" అన్నాను. పెద్దమనసుతో క్షమించాను ఆమెని.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

సిలువ మీది ఏడు మాటలకి ఏడుగురు ప్రసంగీకులు. పన్నెండింటికి మొదలు. మూడో ఆయన చెబుతుండగా ఉక్కపోతకో దేనికో నా వల్ల కాలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను. ఇంటికి పోదామనే బయల్దేరాను. కాళ్లు చింతచెట్ల దగ్గర ఆగాయి.

ఓబయ్యన్న మంచం మీద పడుకుని ఉన్నాడు, అరిచేతులకి గుడ్డలు చుట్టి. గంగులమ్మ లేచి నిలబడింది.

"ఇంకేమన్నా వంకర మిగిలిందా, ఈ మనిషి మీద ఎయ్యడానికొచ్చినావా?"

"నాదే తప్పు వదినా. మానిటర్..."

"అది నాకెందుకు. ఐదు రాళ్లు నీ కాగితం కోసి కోసి ఈయన సక్కజేసినాడు. ఐదోదప్పుడు చెప్పబోతే నువ్వు వినలా. నేను మొదట్నుంచీ 'చెప్పరాదా' అంటే 'బాగా చదువుకున్న మనిషి, నలుగుర్లో చిన్నబోతాది' అన్నాడు. నువ్వు మాత్రం నలుగుర్లోనే నిలబెట్టినావు ఈయన్ని. నీకు చదువొచ్చా అని కూడా అడిగినావు. రాదు. ఏం సెయ్యమంటావు?"

నేను అక్కడే మోదుగాకుల మీద కూర్చున్నాను. అన్నీ చెప్పాను. స్పీకరు, ఒకటి పాయింట్ ఎనిమిది, ఫైలు మార్చడం, చీటీ పీకడం. ఏడుపు వచ్చింది, ఈసారి పొగ అని చెప్పుకోవడానికి పొయ్యి కూడా లేదు.

ఓబయ్యన్న అంతా విన్నాడు. "నాకు చెప్పేదేముందమ్మా. కాగితం పరిచినప్పుడే నాకు తెలుసు. ఎవరి ముందర అన్నావో వాళ్లకి చెప్పు" అన్నాడు.

"చెబుతాను."

"అయితే లే. రాయి సంగతి సూద్దాం."

రాయి గోడకి ఆనించి ఉంది. ఇద్దరూ కలిసి తిప్పారు. వెనకవైపు గరుకు, నున్నగా లేదు. వాక్యం పట్టదు, టైము లేదు. పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది మాత్రం చాలన్నాడు. ప్రింటు తీసుకొస్తానన్నాను. ఇద్దరూ మొగమొగాలు చూసుకున్నారు.

"నీ చేత్తోనే రాయి" అన్నాడు.

బొగ్గుముక్క ఇచ్చాడు. కంప్యూటర్ వచ్చాక నేను చేత్తో రాసింది ఈ డైరీ ఒక్కటే. మా అత్త పేరు మూడుసార్లు రాసి మూడుసార్లు తడిగుడ్డతో తుడిచాను. నాలుగోసారి ఆయన "ఉండనీ" అన్నాడు.

ఏప్రిల్ 19

రాయి అయింది. చేతులకి గుడ్డలతోనే చెక్కాడు. ఏమని చెప్పాలో పదిరకాలుగా అనుకుని చూశాను. ప్రతిదాంట్లో అయస్కాంతం ముందు వస్తోంది, నేను చివర్లో వస్తున్నాను.

ఏప్రిల్ 20, ఈస్టరు

తెల్లారుజామున సమాధుల తోట నిండా జనం. సున్నం వాసన, కొవ్వొత్తులు, చేమంతులు. మా అత్త తలాపున రాయి నిలబెట్టారు. ముందువైపు గరుకు, నా చేతిరాత, తిన్నగా. కంచెవైపు నున్నగా, కొండెక్కుతూ. హెప్సిబా రెండువైపులా తిరిగి చూసింది.

పాటలయ్యాక పాస్టరు గారు, "సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరన్నా ఉంటే రండి" అన్నారు. నేను లేచాను. ఈయన కంగారుపడ్డాడు. నేను సాక్ష్యం చెప్పి తొమ్మిదేళ్లయింది, అది కూడా గాల్ బ్లాడర్ ఆపరేషన్ గురించి. అందరూ మా అత్త గురించి చెబుతాననుకుని మంచిగా సర్దుకుని కూర్చున్నారు.

"మా అత్త రాయి వంకరగా చెక్కింది ఓబయ్యన్న కాదు. నేను వంకర కాగితం ఇచ్చినాను. ఆయన వంకరగా ఉందన్నాడు. నేను నోరు మూయించి అట్లే చెక్కమన్నాను. తర్వాత మీ అందరి ముందర ఆయన మీద వేసినాను. తప్పు నాదని తెలిసినాక కూడా వారం రోజులు మాట్లాడలేదు. మీ రాళ్లు ఐదు తిన్నగా వచ్చినాయంటే ఆయన నా తప్పు దిద్దినాడు కాబట్టి."

అయస్కాంతం గురించి చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. చెబితే అది నన్ను కాపాడుతుంది, అందుకని మింగేశాను.

ఎవరూ 'ఆమెన్' అనలేదు. సాక్ష్యం తర్వాత ఆమెన్ రాకపోవడం మా చర్చిలో నేను ఎప్పుడూ వినలేదు. పాస్టరు గారే మెల్లగా పాట ఎత్తుకున్నారు.

హెప్సిబా రోజంతా నాతో మాట్లాడలేదు. బస్సెక్కేముందు మాత్రం, "కావాలని చేసినావా?" అంది.

"లేదు."

సంచి భుజానికి తగిలించుకుంది. "తెలీదు వదినా. నమ్మాలనే ఉంది" అంది. బస్సు పోయింది.

ఏప్రిల్ 26, శనివారం

మార్కాపురం మిషను వాళ్లు నెలాఖరు దాటాక గానీ కాదన్నారట. శ్యామలమ్మక్క రాయి వెనక్కి తెప్పించి ఓబయ్యన్న దగ్గర దించింది. నన్ను కాగితం తెమ్మంది. నా వైపు చూడకుండా చెప్పింది గానీ చెప్పింది.

ప్రింటు తీసి, అతికించి, తీసుకుపోయాను. చింతచెట్టు కింద ఓబయ్యన్న కాగితం బండ మీద పరిచాడు. గంగులమ్మ లోపల నుంచి వంకర చూసే మూలమట్టం తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఇన్నేళ్లలో నా కాగితం మీద ఆయన నా ముందర మూలమట్టం పెట్టలేదు. ఈ రోజు శ్యామలమ్మక్క చూస్తుండగా, నేను చూస్తుండగా పెట్టాడు. పేరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి, కింద వరసకి ఇంకోసారి. తొందరపడలేదు.

చెవులు వేడెక్కాయి. పాతికేళ్ల నుంచి చేస్తున్నా అని మళ్లీ నాలుక చివరిదాకా వచ్చింది. ఈ నాలుకని ఏం చేయాలో తెలీదు.

"గాలికి లేస్తాంది, ఆ కొస పట్టుకోమ్మా" అన్నాడు.

పట్టుకున్నాను. తిన్నగానే ఉందన్నాడు. ఇంకోసారి చూడు ఓబయ్యన్నా అన్నాను.